ఐదో నీటిగుంట

మా పెద్దమ్మ డల్సీ మీద ఫిర్యాదు చేయాలంటే ముందు వరసలో నిలబడాలి. నాకంటే ముందు మా వాళ్ళ బొమ్మలు అమ్మిపెట్టే కేంద్రం వాళ్ళుంటారు, వాళ్ళకంటే ముందు క్లినిక్ వాళ్ళు, అందరికంటే ముందు మా ఊరి కొట్టు మేనేజరు. నా వంతు వచ్చేసరికి పొద్దు గూకుతుంది. అయినా చెప్పకుండా ఉండలేను. ఆవిడకి పదకొండు కుక్కలు. పదకొండూ మా ఇంట్లోనే తింటాయి. ఆవిడ చెవుడు అవసరాన్ని బట్టి వస్తూ పోతూ ఉంటుంది. "పెద్దమ్మా, కాస్త ఆ గిన్నెలు కడుగు" అంటే వినబడదు. మూడిళ్ళ అవతల నేను టీ డబ్బా మూత తీస్తే వినబడుతుంది. నా దుప్పట్లు ఒక్కొక్కటీ కాళ్ళొచ్చి వాళ్ళింటికి వెళ్ళిపోయాయి. అడిగితే, "నీవీ నావీ ఏంటే, నేను మీ అమ్మని కానా" అంటుంది. మాలో, అంటే తెల్లవాళ్ళు రాకముందు నుంచీ ఈ ఎడారిలో ఉన్నవాళ్ళలో, అమ్మకి అక్క అంటే అమ్మే. అందుకని ఆ మాటకి జవాబు లేదు. దుప్పట్లూ లేవు.

ఇవన్నీ ఓర్చుకున్నాను. పోయినేడు ఏప్రిల్లో ఆవిడ వేస్తున్న బొమ్మని నేను రాగానే బోర్లా తిప్పడం మొదలుపెట్టింది చూడండి, అది మాత్రం ఓర్చుకోలేకపోయాను.

ఆవిడ సరదాకి బొమ్మలు వేసే మనిషి కాదు. మా ఊరికి పడమరగా, ఇసుక దిబ్బలు దాటాక ఉన్న నేల మా తాతది. తాత నుంచి ఆయన పిల్లలకి వచ్చింది. పెద్దమ్మకి, సిలాస్ మావయ్యకి, మా అమ్మకి. ఆ నేల పాటలు పాడేదీ, బొమ్మ గీసేదీ వాళ్ళే. ఆడపిల్లలకి పుట్టిన మాలాంటి వాళ్ళం ఆ నేలకి కాపలా. వాళ్ళు గీస్తుంటే పక్కన కూచుని "ఇది సరే, అది తప్పు" అని చెప్పడం మా పని. మేము సరే అనేదాకా అది గుడ్డ మీద రంగే తప్ప నేల కాదు. అలాంటిది, కాపలా మనిషికి కనబడకుండా బొమ్మ వేయడమంటే వంటింటి తలుపేసుకుని ఒక్కతే తినడం లాంటిది. లోపల ఏం ఉడుకుతోందో తెలియకపోయినా అనుమానం రాక మానదు.

పైగా అది మామూలు ఏప్రిల్ కాదు. గ్యాస్ తవ్వే కంపెనీ ఒకటి ఆ నేల మీదుగా తిన్నగా రోడ్డు వేస్తామని వచ్చింది. దాని మీద విచారణ పెట్టారు. మే నెల రెండో గురువారం ఆలిస్ స్ప్రింగ్స్ పట్నం నుంచి అధికారి వచ్చి మా ఫుట్‌బాల్ మైదానం పక్కన ఆకుల పందిరి కింద కూచుంటుంది. కంపెనీ దగ్గర పెట్టెల నిండా కాగితాలున్నాయి. మా దగ్గరున్న కాగితం పెద్దమ్మ బొమ్మ ఒక్కటే. తొలికాలంలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు చేతికర్రలతో నేల తవ్వుకుంటూ, దుంపలు ఏరుకుంటూ, దారి పొడుగునా పోట్లాడుకుంటూ తూర్పుకి నడిచారు. వాళ్ళు ఆగి కూచున్న చోటల్లా నీళ్ళూరాయి. అలాంటివి ఏడు గుంటలు. కంపెనీ రోడ్డు గీత ఐదో గుంట మీదుగా పోతుంది. బొమ్మలో ఐదోది ఉండి, కాపలా మనిషి లేచి సరే అంటే రోడ్డు పక్కకి తప్పుకోవాలి. లేదంటే ఆ నీళ్ళ మీద కంకర పడుతుంది.

కాపలా మనిషంటే నేనే. మా అమ్మకి నేనొక్కదాన్ని. పెద్దమ్మకి పిల్లలు లేరు, కుక్కలున్నాయి.

అమ్మ పోయి అప్పటికి పద్నాలుగు నెలలు. జుట్టు కత్తిరించుకున్నాం, ఆవిడ ఉన్న ఇల్లు ఖాళీ చేసి ఊరి రెండో చివరికి మారాం, ఫోటోలు పెట్టెలో పెట్టాం. పోయిన మనిషి పేరు మాలో ఎత్తకూడదు, ఎత్తడం లేదు. మా క్లినిక్‌లో ఉన్న తెల్ల నర్సుకీ అమ్మకీ ఒకటే ఇంగ్లీషు పేరు కావడంతో, ఆ నర్సుని పద్నాలుగు నెలలుగా ఊరంతా "పేరులేనావిడ" అనే పిలుస్తోంది. పాపం ఆవిడకీ అలవాటైపోయి ఫోనెత్తి "పేరులేనిదాన్ని మాట్లాడుతున్నా" అంటోంది.

సరే, ఆ మొదటి రోజు సంగతి. నేను టీ పట్టుకుని పెద్దమ్మ వరండాలోకి వెళ్ళాను. నా చెప్పుల చప్పుడు వినగానే ఆ చెవిటి మనిషి గుడ్డని బోర్లా తిప్పి, దాని మీద చతికిలబడింది.

"ఏంటది పెద్దమ్మా?"

"ఏది?"

"నువ్వు కూచున్నది."

"నేల."

"నేలకీ నీకూ మధ్యన ఉన్నది."

"నా పిర్రలు," అంది టీ అందుకుంటూ. ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. "పంచదార తగ్గించావేం?"

"క్లినిక్ వాళ్ళు తగ్గించమన్నారు."

"తాగేది వాళ్ళా నేనా?"

బొమ్మ గురించి ఇంక ఒక్క మాట రాలలేదు. కింద పరిచిన దుప్పటి అంచున పసుపు చుక్కలు అంటుకుని ఉన్నాయి. ఆ దుప్పటి నాది.

రెండో సంగతి తెల్ల బండి. కంపెనీ తరఫున మా ఊళ్ళో తిరిగే మనిషి పేరు ట్రెవర్. పెద్ద టోపీ, చిన్న మెడ. వారంలో మూడుసార్లు ఆ బండి పెద్దమ్మ గుమ్మం ముందు ఆగడం నా వంటింటి కిటికీలోంచి చూశాను. గిన్నెలు కడుక్కునేవాళ్ళకి కిటికీలోంచి చూడక తప్పదు కదా. ట్రెవర్ నేల మీద కాళ్ళు మడుచుకోలేక మడుచుకుని కూచుంటాడు, పెద్దమ్మ నా బిస్కెట్లు పెడుతుంది, ఇద్దరూ నవ్వుతారు. ఒకరోజు అతను చుట్టగా చుట్టిన చిన్న గుడ్డ ఏదో చంకలో పెట్టుకుని వెళ్ళాడు.

ఆ మర్నాటికి, మూడేళ్ళుగా ఇటుకల మీద నిలబడి ఉన్న పెద్దమ్మ బండికి నాలుగు కొత్త టైర్లు వచ్చాయి.

నాలుగూ కొత్తవే. వాటి మీద ఇంకా కాగితం చీటీలున్నాయి.

"చూశావా?" అన్నాను మా ఆయనతో. మా ఆయన క్లిఫర్డ్ ఊళ్ళో రోడ్లు చదును చేసే గ్రేడర్ నడుపుతాడు. ప్రపంచంలో దేన్నైనా చక్రాల వైపు నుంచే చూస్తాడు.

"చూశాను. మంచి టైర్లు. ఇసుకలో దిగబడవు."

"ఎక్కడివని అడగవా?"

"నేనెందుకడుగుతాను? అడిగితే ఎక్కడికో అక్కడికి తీసుకెళ్ళమంటుంది."

"ట్రెవర్ ఇచ్చాడు."

"అయితే మంచివాడే."

"క్లిఫర్డ్, కంపెనీ మనిషి ఊరికే టైర్లిస్తాడా? ఈవిడ బొమ్మ దాచడం, అతను గుడ్డ పట్టుకెళ్ళడం, ఈ టైర్లు. మూడూ కలిపి చూడు."

కలిపి చూశాడు. "చక్రాలు నాలుగు కదా," అన్నాడు.

ఆయనతో లాభం లేదని సిలాస్ మావయ్య దగ్గరికి వెళ్ళాను. పెద్దమ్మకి తమ్ముడు, నేల విషయంలో ఆవిడ తరవాత ఆయనే. ట్యాంకు నీడలో నలుగురితో పేకాడుతున్నాడు.

"మావయ్యా, పెద్దమ్మ బొమ్మ చూశావా?"

"చూశాను."

"ఎలా ఉంది?"

"పెద్దగా ఉంది."

"నన్ను చూడనివ్వడం లేదు. కాపలాదాన్ని నేనా, ఆ ట్రెవరా?"

పక్కవాళ్ళు పేకముక్కల్లోకి తలలు దూర్చేశారు. మావయ్య ఒక ముక్క కింద వేసి, నా మొహం వైపు చూడకుండా అన్నాడు. "నువ్వు అడిలైడ్‌లో ఏం చదివావే?"

"లైబ్రరీ చదువు."

"అయితే మాట్లాడకుండా కూచోడం నేర్పే ఉంటారు."

వాళ్ళంతా నవ్వారు. నేను నవ్వలేదు. పోయిన సోమవారం పట్నం నుంచి వస్తూ ఆయన దిగింది ట్రెవర్ బండిలోంచే అన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఇంట్లో ఒక్కళ్ళ మీద అనుమానం పుడితే అది ఒక్కళ్ళ దగ్గర ఆగదు. చెదల్లాగా గోడ వెంబడి పోతుంది. ఆ వారంలో నేను పెద్దమ్మనీ, మావయ్యనీ, పేకాడే నలుగురినీ, చివరికి టైర్లు బాగున్నాయన్నందుకు మా ఆయన్నీ అనుమానించాను. ఆడవాళ్ళు కొట్టు దగ్గర గుంపుగా మాట్లాడుకుంటూ నేను రాగానే ఆపేసేవాళ్ళు. మరీ జాలిగా చూసేవాళ్ళు. అందరికీ వాటా ముట్టిందన్నమాట అనుకున్నాను.

శుక్రవారం పొద్దున పెద్దమ్మ షుగరు పరీక్షకి క్లినిక్‌కి వెళ్ళింది. ఆవిడ కుక్కలకి ఎముకలు పడేసి, వాటిలో పెద్దదాన్ని కాస్త బుజ్జగించి, లోపలికి వెళ్ళాను. నా దుప్పట్లు మూడు తీసేసరికి అడుగున బొమ్మ.

నేను చాలా బొమ్మలు చూశాను. ఇలాంటిది చూడలేదు. నేల ఎరుపు అడుగున, దాని మీద ఇసుక దిబ్బలు వరసలు వరసలుగా, ఎండిన గడ్డి పసుపు, వానొచ్చాక వచ్చే ఊదా. అక్కచెల్లెళ్ళ అడుగులు పక్కపక్కనే, పోట్లాడుకున్న చోట దూరం దూరంగా. కూచున్న చోట రెండు వంపులు, పక్కన కర్రలు. నాకు తెలియకుండానే వేలితో ఆ అడుగుల వెంట నడిచాను. మొదటి నీళ్ళు, గుండ్రం లోపల గుండ్రం. రెండో నీళ్ళు. మూడు. నాలుగు.

ఐదో నీళ్ళు లేవు.

మేము కాకి నీళ్ళు అనే చోట గుండ్రం లేదు. అడుగులు అక్కడిదాకా వచ్చి ఆగాయి, అవతల మళ్ళీ మొదలయ్యాయి. మధ్యలో అరచేయంత మేర పసుపు చుక్కలు, దగ్గర దగ్గరగా, ఖాళీ లేకుండా. గోడ మీద మరక కనబడకుండా సున్నం కొట్టినట్టు. తరవాత ఆరు, ఏడు యథాప్రకారం ఉన్నాయి.

సరిగ్గా రోడ్డు పోయే చోటే.

దుప్పట్లు మళ్ళీ కప్పాను. బయటికి వచ్చి నా వంటింట్లో నిలబడి, కడిగిన గిన్నెలే ఇంకోసారి కడిగాను. మా అమ్మ తండ్రి నేల. ఆవిడ ఉంటే ఇలా జరిగేదా అనుకున్నాను. ఆవిడ అక్క నాలుగు టైర్లకి ఐదో గుంటని పూడ్చేసింది.

ఆ మధ్యాహ్నమే భూముల కార్యాలయం నుంచి జొహానా వచ్చింది. విచారణలో మా తరఫున కాగితాలు చూసే అమ్మాయి. వేడికి మొహం ఎర్రబడి, చేతిలో పుస్తకంతో మా గుమ్మంలో నిలబడింది. "బొమ్మ సిద్ధమేనా, లోరెయిన్? మీరు సరే అంటే రాసుకుంటాను."

"సరే కాదు. తప్పు," అన్నాను.

"ఏం తప్పు?"

"ఐదోది లేదు. ఆ బొమ్మని నేను ఒప్పుకోను. రాసుకో."

రాసుకుంది. తేదీ వేసింది. టైము కూడా వేసింది. జొహానా చాలా శ్రద్ధగల పిల్ల.

తరవాతి మంగళవారం పొద్దున్నే మా గుమ్మం ముందు హారను మోగింది. పెద్దమ్మ బండి. వెనక ఏడుగురు ఆడవాళ్ళు, రెండు కుక్కలు, నీళ్ళ డబ్బాలు. మావయ్య వెనకాల ఇంకో బండిలో.

"ఎక్కవే," అంది పెద్దమ్మ.

"ఎక్కడికి?"

"టైర్లు ఎలా నడుస్తాయో చూద్దాం."

ఎక్కాను. కళ్ళారా చూసి పట్టుకుందామని ముందు సీట్లోనే కూచున్నాను. బండి పడమరకి తిరిగింది. ట్రెవర్‌కి నేల చూపించడానికి పోతున్నాం కాబోలు, అక్కడ అతను కాచుకుని ఉంటాడు అనుకున్నాను. దారిలో ఎప్పుడూ ఆగకుండా వాగే ఆడవాళ్ళు ఆ రోజు పెదవి విప్పలేదు. నేనే అందుకున్నాను.

"ట్రెవర్‌కి ఏమిచ్చావు పెద్దమ్మా, ఈ టైర్లకి?"

"బొమ్మ."

"ఏం బొమ్మ?"

"చిన్న బొమ్మ." గేరు మార్చింది. "చాలా లోతైనది కావాలన్నాడు. ఇచ్చాను."

ఆ మాట ఒప్పేసుకున్నంత తేలిగ్గా అనేసింది. దిబ్బల్లో బండి ఒక్కసారి కూడా దిగబడలేదు. అదీ నాకు నచ్చలేదు.

రెండు గంటల తరవాత కాకి నీళ్ళు దూరంగా కనబడ్డాయి. నల్లటి బండలు, వాటి మీద రెండు తెల్ల మానుల చెట్లు. ట్రెవర్ లేడు. తెల్ల బండీ లేదు. పెద్దమ్మ అంత దూరంలోనే ఇంజను ఆపేసింది. అందరూ దిగారు. మావయ్య పచ్చి కొమ్మలు విరిచి మంట పెట్టాడు, దట్టంగా పొగ లేచింది. అప్పుడు ఆడవాళ్ళు ఏడవడం మొదలుపెట్టారు. మామూలు ఏడుపు కాదు. మనిషి పోయినప్పుడు గొంతు సాగదీసి, నేలకి వంగి ఏడుస్తామే, ఆ ఏడుపు.

ఇక్కడ ఎవరు పోయారు, అనుకున్నాను. పద్నాలుగు నెలల్లో మాకు పోయిన మనిషి ఒక్కతే.

పెద్దమ్మ ఆకుల కొమ్మ ఒకటి పొగలో తిప్పి నా చేతిలో పెట్టింది. "నువ్వు ముందు. ఊడువు."

"నేనెందుకు? నేల నీది కదా."

"నేల నాది. ఆవిడ నీది."

నాకు అర్థం కాలేదు. అర్థం కావడం మొదలుపెట్టింది. "అమ్మ ఆలిస్ స్ప్రింగ్స్ ఆసుపత్రిలో పుట్టింది," అన్నాను. "ఐసుపెట్టె పక్కన పుట్టానని తనే చెప్పేది."

"అది దాని వేళాకోళం. పుట్టింది అక్కడ. వచ్చింది ఇక్కడి నుంచి." పెద్దమ్మ గొంతు నీరసంగా ఉంది. "మీ అమ్మమ్మ ఈ నీళ్ళు తోడుకుంటూ వంగింది. అప్పుడు కదిలింది కడుపులో. నేను పక్కనే ఉన్నాను, ఇంతదాన్ని. అందుకే ఈ నీళ్ళ అసలు పేరే దానికి పెట్టారు."

బిడ్డ కడుపులో మొదట ఎక్కడ కదిలితే ఆ బిడ్డ ఆ చోటుది. ఇది మాకు ఎవరూ ప్రత్యేకంగా నేర్పరు, గాలిలా ఉంటుంది. మా అమ్మకి ఇంగ్లీషు పేరు కాక ఇంకో పేరుందని నాకు తెలుసు. అడగలేదు. ఈ గుంటకి కాకి నీళ్ళు కాక ఇంకో పేరుందని తెలుసు. అదీ అడగలేదు. రెండూ ఒకటేనని తెలియకుండానే కాపలాదాన్నని ఊరంతా తిరిగాను.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పనే? చోటు పేరెత్తితే దాన్ని పిలిచినట్టే. గీస్తే దాన్ని గీసినట్టే. అది పోయిన రోజునే ఈ నీళ్ళూ మూసేశాం. దాని కూతురివి, నువ్వు తెరవమంటేనే తెరవాలి. అది నేను అడగకూడదు. ఇవాళ అంటావు, రేపంటావు అని చూశాను. ఊళ్ళో అందరం చూశాం." ముక్కు చీదింది. "నువ్వేమో టైర్లు చూస్తూ కూచున్నావు."

"మరి బొమ్మ దాచావు కదా."

"ఆ ఖాళీ చూస్తే 'ఇదేంటి' అంటావు. నువ్వు అడిగాక నేను నోరు మూసుకుని ఉండాలి. అది నా వల్ల అవుతుందా? నా నోరు నీకు తెలీదా?"

తెలుసు.

"మరి ఇవాళ ఎందుకు తీసుకొచ్చావు?"

"గురువారం దగ్గరికొచ్చింది. అడగకూడదు గానీ తీసుకురాకూడదని ఎవరూ అనలేదు. ఇక్కడికి తెచ్చి చేతిలో కొమ్మ పెడితే తెలుస్తుందేమోనని." బండి వైపు తల ఊపి, "ఇటుకల మీద ఉన్న బండిలో వస్తావా ఇంత దూరం?" అంది.

నేను కొమ్మ పట్టుకుని నీళ్ళ చుట్టూ ఊడ్చాను. పద్నాలుగు నెలల ఆకులు, కంగారూ పెంటికలు, ఎవరి అడుగూ పడని ఇసుక. నా వెనక వాళ్ళందరూ ఊడ్చుకుంటూ వచ్చారు. పొగ బండల మీదుగా పాకింది. "తెరవండి," అన్నాను. మెల్లగానే అన్నాను గానీ ఆ రోజు పెద్దమ్మకి చెవుడు లేదు. ఆవిడ బండ మీద కూచుని, నీళ్ళలోకి వంగి, ఆ పేరు పిలిచింది. ఒకసారి మామూలుగా, ఒకసారి పాటలో.

ఆ పేరు ఇక్కడ రాయను. తెరిచింది మా వాళ్ళకి, అచ్చుకి కాదు.

బుధవారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వరండాలో బొమ్మ పరుచుకుని కూచున్నాం. పెద్దమ్మ పసుపు చుక్కల మీద ఎర్రరంగు పూసి, అది ఆరాక తెల్లటి గుండ్రం గీసింది. లోపల ఇంకొకటి, లోపల ఇంకొకటి. "సరేనా?" అనేది ప్రతి గీతకీ. "కొంచెం నీ వైపుకి," అనేదాన్ని. "అక్కడ బండ ఉంది కదే." "బండ అవతల." "అవును," అని జరిపేది. అమ్మ పోయాక నేను అంత సుఖంగా కూచున్న రోజు లేదు. మరిచిపోలేనిది ఒక్కటే. జొహానా పుస్తకం. శుక్రవారం రాసుకున్నది పెద్దమ్మకి చెప్పాలని నాలుగుసార్లు నోరు తెరిచి, నాలుగుసార్లూ "టీ పెట్టనా?" అన్నాను. ఆ కాగితం ఎక్కడో పారేసుకుని ఉంటుందిలే అని ఆశ.

జొహానా ఏదీ పారేసుకోదు. కాగితాలన్నీ బుధవారమే రెండు పక్షాలకీ అధికారికీ పంపేసింది.

గురువారం పందిరి కింద బొమ్మని నేల మీద పరిచాం. అధికారి గడ్డి టోపీ పెట్టుకున్న పెద్దావిడ, నిమ్మళమైన మనిషి. పెద్దమ్మ చెప్పులు విడిచి బొమ్మ మీదికి నడిచింది. మొదటి నీళ్ళ దగ్గర నిలబడి పాడింది. రెండో నీళ్ళ దగ్గరికి వెళ్ళి అక్కచెల్లెళ్ళు ఎందుకు పోట్లాడుకున్నారో చెప్పి అందర్నీ నవ్వించింది. ఐదో నీళ్ళ దగ్గరికి వచ్చింది. కూచుని, అరచేత్తో ఆ గుండ్రాన్ని నిమిరి, పాడింది. కుక్కలు కూడా పడుకున్నాయి.

అప్పుడు కంపెనీ లాయరు లేచాడు. చిన్నవాడు, చొక్కా మీద ఇస్త్రీ మడతలు పోలేదు.

"ఐదో గుండ్రం మిగతావాటికంటే కొత్తగా మెరుస్తోంది. నిన్న వేశారా?"

"నిన్ననే," అంది పెద్దమ్మ.

"పోయిన నెల మీరు మా మనిషికి ఒక బొమ్మ ఇచ్చారు. మీ నేల గురించి చాలా లోతైనదని చెప్పారు." ట్రెవర్ గర్వంగా లేచి చెక్క చట్రంలో బిగించిన చిన్న బొమ్మ ఎత్తి చూపించాడు. చుక్కలు, ఒక వంపు, మధ్యలో గుంటలాంటిది. "ఇందులో ఉన్నది ఒక్కటే గుంట. ఐదోది లేదు."

పెద్దమ్మ కళ్ళు చికిలించి చూసింది. "అది మా పెద్ద కుక్క."

"అంటే?"

"మా పెద్ద కుక్క పడుకునే చోటు. ఎండకి గుంట తవ్వుకుంటుంది. చాలా లోతు."

మావయ్య దగ్గాడు. వెనక ఆడవాళ్ళు నోటికి గుడ్డలు అడ్డం పెట్టుకున్నారు. ట్రెవర్ బొమ్మని కొంచెం దించాడు, మళ్ళీ ఎటు పైకి పెట్టాలో తెలియక తిప్పాడు. నేను లేచాను. "కాపలా మనిషి చూడని బొమ్మ నేల బొమ్మ కాదమ్మా," అన్నాను అధికారితో. "దాన్ని నేను చూడలేదు. కుక్కకి కాపలా అక్కర్లేదు."

కూచుందామనుకున్నాను. లాయరు కూచోనివ్వలేదు.

"కాపలా మనిషి మీరేనా? అయితే ఇది వినండి." కాగితం తీశాడు. "పోయిన శుక్రవారం, మధ్యాహ్నం రెండుంపావు. 'ఐదోది లేదు. ఆ బొమ్మని నేను ఒప్పుకోను.' మీ మాటలే. శుక్రవారం లేని గుంట గురువారానికి ఎలా వచ్చింది? రోడ్డు కోసం వేసిందే కదా?"

నవ్వులు ఆగిపోయాయి. పెద్దమ్మ బొమ్మ మీద కూచునే ఉంది, ఐదో నీళ్ళ మీద చెయ్యి పెట్టి. మెల్లగా తలెత్తి నా వైపు చూసింది. ఆ సంగతి ఆవిడకి తెలియడం అప్పుడే. కోపం లేదు ఆ చూపులో. కోపమైతే తట్టుకునేదాన్ని.

ఇవాళ ఆ రోడ్డు కాకి నీళ్ళకి ఆరు కిలోమీటర్ల అవతల వంపు తిరుగుతుంది, ఆ వంపు దగ్గర బండి నెమ్మది చేయాల్సి వస్తుందని మా ఆయన ఇప్పటికీ విసుక్కుంటాడు. అది ఆగస్టులో తేలిన మాట. ఆ గురువారం నాకు తెలిసింది ఒక్కటే. ఐదో నీళ్ళు నా నోట్లో ఉన్నాయి.

"మా అమ్మ చోటు అది," అన్నాను. "ఆవిడ పోయాక మూసేశారు. మూసిన చోటు గీయకూడదు, అందుకే శుక్రవారం లేదు. తెరవాల్సింది నేను. మంగళవారం తెరిచాను. అందుకే బుధవారం వచ్చింది. మా వాళ్ళందరికీ తెలుసు. నాకే తెలియలేదు."

"మరి శుక్రవారం మీరు చెప్పింది?" అని అడిగింది అధికారి.

కింద ఎర్రమట్టి వైపు చూస్తూ నెమ్మదిగా ఏదో అన్నాను.

"వినబడలేదు," అంది పెద్దమ్మ.

ఆవిడ చెవి సంగతి పందిరి కింద అందరికీ తెలుసు. మావయ్యకి తెలుసు, నర్సుకి తెలుసు, కుక్కలకి తెలుసు. ఆవిడ మాత్రం తల పక్కకి వంచి, అరచేయి చెవి వెనక పెట్టుకుని, నా వైపే చూస్తూ కూచుంది.

"తప్పు నాది పెద్దమ్మా," అన్నాను, మైదానం అవతల దాకా వినబడేలా. "టైర్లకి నేల ఇచ్చేశావని అనుకున్నాను. బొమ్మ తప్పు కాదు. నువ్వు తప్పు కాదు. నేనే తప్పు."